నాలుగు సూదుల పథ్యం

మా ఇంట్లో కుక్కకాటుకు వైద్యం చేసేవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరి వైద్యం గురించి ఇంకొకరం మాట్లాడకూడదని ఒప్పందం.

మా బాపు ఎల్లయ్యకు ఛత్రినాకలో పన్నెండు బర్రెల పాడి. ఆదివారం పొద్దున పాలు పితకడం అయ్యాక కొట్టం ముందు గోనెసంచి పరుచుకుని కూర్చునేవాడు. కుక్క కరిచినవాళ్లు వచ్చి వరుసలో నిలబడేవాళ్లు. బాపు చిన్న బెల్లం ముక్క చేతిలో పట్టుకుని, పెదవులు కదలీ కదలకుండా మూడుసార్లు ఏదో చదివి, దాన్ని వాళ్ల నోట్లో వేసేవాడు. కుడి మణికట్టుకు నల్లదారం కట్టేవాడు. తర్వాత నలభై ఒక్క రోజుల పథ్యం చెప్పేవాడు. వంకాయ ముట్టొద్దు, మాంసం ముట్టొద్దు, పరాయి ఇంట్లో తినొద్దు. పైసా పుచ్చుకునేవాడు కాదు. చాంద్రాయణగుట్ట నుంచి బుర్ఖాలు వేసుకున్న తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీర్లు కూడా మొహమాటంగా వెనక నిలబడేవాళ్లు. నలభై ఏళ్లలో తన దారం కట్టుకున్నవాళ్లు ఒక్కరూ పోలేదని బాపు నమ్మకం. అది గొప్పగా చెప్పుకునేవాడు కాదు. బర్రె ఎన్ని శేర్లు ఇస్తుందో చెప్పినట్టు చెప్పేవాడు.

నేను ఆయన కూతుర్ని, సోనీని. అదే బస్తీలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. కరిచిన రోజు ఒకసారి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా వేయడం నా పని. ఉద్యోగంలో చేరిన ఏడాదిలోనే బాపుకూ నాకూ రెండు పెద్ద గొడవలు అయ్యాయి. రెండోసారి నేను దారాల ఉండ తీసుకెళ్లి పొయ్యిలో పడేశాను. అమ్మ ఆండాలు మూడు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ అంది.

"కొట్టం ఆయనది. దవాఖాన నీది. నడిమిట్ల ఇల్లు నాది. నా ఇంట్ల లొల్లి వద్దు."

ఆ మాట మీద ఇద్దరం ఆగిపోయాం. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లను నేను పిలవను. నా దగ్గరికి వచ్చినవాళ్ల ఊసు ఆయన ఎత్తడు. కొందరు మాత్రం ఎవరూ చెప్పకుండానే రెండు చోట్లకీ వెళ్లేవాళ్లు. దారం ఉన్న చేతికి నేను ఎన్నోసార్లు సూది వేశాను.

పోయినేడు ఎండలు ముదరక ముందు, శివరాత్రి వెళ్లిన ఆదివారం, అమరనాథ్ సేటు వచ్చాడు. మా గల్లీ మొదట్లో పిండిగిర్ని ఆయనది. కింద గిర్ని, పైన ఇల్లు. మెత్తటి మనిషి. గిర్ని ముందు పడుకునే కుక్కలకు ఆయనే రొట్టెలు వేసేవాడు. ఆ రోజు కరిచింది వాటిలోది కాదు, ఎక్కడినుంచో వచ్చిన కుక్క. పిక్క మీద రెండు పళ్లు లోతుగా దిగాయి. గాయం మీద కారం అద్దుకుని వచ్చాడు.

నేను స్నానానికి వెళ్తూ, భుజం మీద తువ్వాలుతో గుమ్మంలో ఆగాను. గాయం చూశాను. బాపు అప్పటికే బెల్లం ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"సేటూ, రేపు జర దవాఖానకు రాండ్రి," అన్నాను, గట్టిగా కాదు.

"వస్త బిడ్డా. రేపు గోధుమల లోడు వస్తది, అది దించుకొని వస్త," అన్నాడాయన.

బాపు నావైపు చూశాడు. నేను స్నానానికి వెళ్లిపోయాను. సోమవారం ఆయన రాలేదు. మంగళవారం గిర్ని ముందు నుంచి నడిచి వెళ్తుంటే లోపలినుంచి చెయ్యి ఊపాడు. మణికట్టు మీద దారం, దాని మీద పిండి. నేనూ చెయ్యి ఊపాను. ఇంకోసారి అడిగితే బాపు చెవిన పడుతుంది, ఇంట్లో మళ్లీ గొడవ. ఊరుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం సేటు కూతురు స్రవ్య ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తుకొచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. నా టేబుల్ పట్టుకుని నిలబడింది.

"అక్కా, నాన్న నీళ్లు తాగుతలేడు. గ్లాసు చూస్తెనే గొంతు పట్టేస్తుందట. రాత్రికెళ్లి గిట్లనే ఉన్నడు."

నేను ఇంకేమీ అడగలేదు. వాళ్లింటికి వెళ్లేసరికి బయట నలభై రెండు డిగ్రీల ఎండ, లోపల ఫ్యాన్ ఆపేసి ఉంది. గాలి మొహానికి తగిలినా సేటు ఉలిక్కిపడుతున్నాడట. మంచం మీద చెమటతో కూర్చుని ఉన్నాడు. తెలివి పూర్తిగా ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. ఆయన భార్య విమలాదేవి మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన పాదం పట్టుకుని ఉంది.

ఎవరో చెప్పగా బాపు వచ్చాడు. చేతులు కడుక్కోకుండానే వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా దాణా. కిటికీలో ఉన్న గ్లాసు తీసి, "రెండు గుక్కలు తాగు సేటూ, నేను పట్టుకుంట," అని దగ్గరికి తెచ్చాడు. సేటు తాగాలనే అనుకున్నాడు. మెడ ముందుకు సాచాడు కూడా. అప్పుడు ఆ గొంతు చేసిన పని నేను రాయలేను. బాపు గ్లాసు తీసుకెళ్లి తలుపు వెనక, ఆయనకు కనిపించని చోట పెట్టాడు. నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

లక్షణాలు కనబడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. మూడో రోజు పొద్దున శవాన్ని తీసుకొచ్చారు.

పదకొండో రోజు దాటేసరికి గల్లీ అంతా ఒక మాట పాకింది. సేటు పథ్యం తప్పాడట. పదిహేనో రోజో ఇరవయ్యో రోజో ఇంట్లో వంకాయ కూర తిన్నాడట. శవం ముందు ఏడుస్తూ విమలాదేవే ఆ మాట అందట. పక్కింటి నాగమణమ్మ పాలు పోయించుకోవడానికి వచ్చి మా అమ్మతో అంటుంటే విన్నాను.

"ఎల్లయ్యన్న మంత్రంల ఏం తప్పు లేదు ఆండాలూ. ఆమెనే వండి పెట్టిందట. గింత తింటే ఏమైతది అన్నదట. అయిపాయె."

బాపు కొట్టంలో ఉన్నాడు. వినిపించే ఉంటుంది. ఏమీ అనలేదు. ఆ మాట ఆయన్ని కాపాడుతోందని, ఆయన దాన్ని కాపాడుకుంటున్నాడని నాకు అనిపించింది. చాలా రోజులు ఆయన మొహం చూడలేకపోయాను. నా మొహం అద్దంలో చూసుకోవడం కూడా అంత తేలిక కాలేదు.

ఆ ఆదివారం బాపు గోనెసంచి పరచలేదు. వచ్చినవాళ్లకు "బంద్ చేసిన" అని చెప్పి కొట్టంలోకి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారమూ అంతే. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. వాళ్లంతా ఇక మా ఆరోగ్య కేంద్రానికి వస్తారనుకున్నాను.

రాలేదు. మే నెల మధ్యలో మా డాక్టర్ సబీహా మేడమ్ రిజిస్టరు ముందు పెట్టుకుని నన్ను పిలిచింది. పోయిన నెల కంటే పదిహేడుమంది తక్కువ. ఎండాకాలంలో కుక్కకాట్లు పెరగాలి గానీ తగ్గవు. ఆ వారమే ఒక ముసలాయన జ్వరానికి వచ్చి, చేతి మీద కట్టు విప్పి చూపించాడు. కుక్క గాటు. దాని మీద పాత రాగి నాణెం అతికించి ఉంది. ఊరి బయట ఎవరో కొత్తగా వైద్యం మొదలుపెట్టాడట. సూది వేసుకుంటే నాణెం విషం లాగదని, దవాఖాన ముఖం చూడొద్దని చెప్పాడట. ఛత్రినాక ఎల్లయ్య బంద్ చేశాడు కాబట్టి అక్కడికి వెళ్లానన్నాడు ముసలాయన.

"మీ బాపు కనీసం సూది వద్దనలేదు కదా ఎన్నడు," అంది మేడమ్.

"అనలేదు మేడమ్. కావాలని గూడ అనలేదు."

"పద. మీ ఇంటికి పోదాం."

సబీహా మేడమ్‌కు యాభై ఆరేళ్లు. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక టీకాల ఫ్రిజ్ పక్కన చిన్న చాప పరుచుకుని నమాజు చేసుకునేది. రోజా ఉన్న నెలలో కూడా ఒక్క కేసు వదిలేది కాదు. ఆమె పక్కన మూడేళ్లు పనిచేసినా, ఇంత చదివిన మనిషికి ఆ చాపతో ఏం పనో నాకు అర్థమయ్యేది కాదు. దారిలో అడిగాను, "ఆయనతోటి మీరేం మాట్లాడతరు మేడమ్? నేను చెప్తెనే ఇనలేదు."

"నువ్వు చెప్తే పరీక్ష పెట్టినట్టుంటది. ఆయన ఫెయిల్, నువ్వు పాస్. ఎవరు ఇంటరు అట్ల?"

బాపు ఆమెను చూసి కంగారుపడి కుర్చీ కోసం లోపలికి వెళ్లబోయాడు. ఆమె వద్దని, దాణా బస్తా మీద కూర్చుంది. బర్రెల చెవులకున్న పసుపురంగు నంబరు బిళ్లలు చూసింది.

"వీటికి టీకాలు ఏపిచ్చినవా ఎల్లయ్య భాయ్?"

"ఆర్నెల్లకొకసారి, గాలికుంటుకు. పశువుల డాక్టర్ వచ్చి ఏసి పోతడు. ఒక్కటి గూడ తప్పనియ్య."

"వీటికి దారం కట్టవా మరి?"

"బర్రెకు నా మీద నమ్మకం ఎక్కడిది డాక్టరమ్మా. దారం కడితే నమిలి మింగుతది."

ఆమె నవ్వింది. బాపు కూడా నవ్వాడు. నెల రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మనిషికి ఉంటది నమ్మకం. అదే వచ్చింది తిప్పలు," అన్నాడు. కొంతసేపటికి, "మీరు పెద్దగ చదువుకున్నరు, దేవుణ్ణి గూడ నమ్ముతరని సోనీ చెప్పింది. మీరు చెప్పుండ్రి. నలభై ఏండ్లు నేను చేసింది అబద్ధమేనా?"

"నిజం చెప్పాల్నా, మంచిగ చెప్పాల్నా?"

"నిజం."

మేడమ్ వేళ్లు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ చెప్పింది. కరిచే కుక్కలన్నీ పిచ్చివి కావు, చాలా తక్కువ. మంచి కుక్క కరిచినవాడు ఎల్లయ్య దగ్గరికి వచ్చినా బతుకుతాడు, రాకపోయినా బతుకుతాడు. పిచ్చికుక్క కరిచినవాళ్లలో దారం కట్టుకుని సూది కూడా వేయించుకున్నవాళ్లు సూది వల్ల బతికారు.

"సేటుకు పిచ్చికుక్క కరిచింది, సూది పడలే. అంతే భాయ్."

ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు బాపు పెదవులు కదిలాయి.

"అట్లయితే ఇంకా ఎవరన్న పోయి ఉంటరు," అన్నాడు. "నాకు తెల్వకుంట. బతికినోడు మళ్లీ వచ్చి, ఎల్లయ్యన్నా మంచిగున్న అని చెప్పిపోతడు. పోయినోడు వచ్చి చెప్పడు గద. ఒక్కరు గూడ పోలేదని నేను ఎట్ల అనుకున్న?"

ఈ మాట మేడమ్ కూడా ఊహించినట్టు లేదు. ఏడాదిపాటు నేను అరిచి అరిచి చెప్పలేనిది ఆయన తనంతట తనే పట్టుకున్నాడు. నాకు గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు.

మేడమ్ గొంతు తగ్గించి అంది, "సూది పట్టుకునే ముందు నేను బిస్మిల్లా అంట. ప్రతిసారి. మందుకు దాంతోటి పని లేదు. అనకున్నా మందు పనిచేస్తది. నాకు పనున్నది. అనకుంటే నా చెయ్యి ఉత్త చెయ్యి అనిపిస్తది."

బాపు తల ఎత్తాడు. "నా మంత్రం గూడ ఆ మాటతోటే మొదలైతది."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మంత్రంలో ఒక్క అక్షరం కూడా అమ్మకు తెలియదు, నాకూ తమ్ముడు నందుకూ తెలియదు.

"మా గురువు సోమయ్య. ఆయనకు ఒక ఫకీరు చెప్పిండు. ఆ మాట తర్వాత మల్లన్న పేరు వస్తది, ఎల్లమ్మ పేరు వస్తది. ఇగ అంతకు మించి చెప్పొద్దు."

"ఒద్దు," అంది మేడమ్. "అది నీ తానే ఉండనీ."

అప్పుడు నేను కలగజేసుకున్నాను. "బాపూ, మళ్లీ కూసో. వచ్చినోళ్లకు దారం కట్టు, కట్టినంక దవాఖానకు తోలు. నువ్వు నమ్మకున్నా ఏం కాదు. వాళ్లు నమ్మితే చాలు."

బాపు నావైపు చూసిన చూపులో కోపం లేదు. "నమ్ముకొని చదివిన, తప్పయింది. నమ్మకుంట చదివితే పాపం బిడ్డా. గది మోసం."

నమ్మకం లేనిదాన్ని నేను. నమ్మినట్టు నటించమని ఆయనకు చెబుతున్నాను. నటించనంటున్నది నమ్మినవాడు.

మేడమ్ దుపట్టా సర్దుకుంది. "మరి ఏది నమ్ముతున్నవో చెప్పు భాయ్. నమ్మని ముచ్చట వదిలెయ్."

"ఏం నమ్ముత? చెయ్యి పట్టుకుంటే వచ్చినోని వణుకు తగ్గుతది. గది నేను చూసిన. పసిపిల్లలు ఏడుపు ఆపుతరు. ఇంటికి పోయి నిమ్మళంగ పండుకుంటరు." ఆయన ఆగి ఆలోచించాడు. "నా మాట ఇంటరు. బిర్యానీ లేంది ముద్ద దిగనోళ్లు నలభై ఒక్క దినాలు మాంసం ముట్టరు. నా మాట మీద పథ్యం ఉంటరు."

కొట్టం చివర బర్రె ఒకటి బకెట్టు తన్నింది. ఆయన లేచి వెళ్లి బకెట్టు నిలబెట్టి, నీళ్లు నింపి, దాని మెడ నిమురుతూ అక్కడే నిలబడ్డాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"పథ్యం ఏం పెట్టాల్నో మంత్రంల లేదు. ఇచ్చేటోని ఇష్టం. సోమయ్య వంకాయ అన్నడు. ఫకీరు చేపలు అన్నడట."

మేడమ్ నన్ను మాట్లాడనివ్వలేదు, నా మోకాలు మీద చెయ్యి వేసి ఆపింది.

"నేను సూదులు అంట," అన్నాడు బాపు.

జూన్ మొదటి ఆదివారం, మృగశిర ఇంకా రాకముందే ఒక వాన పడి వెలిసిన పొద్దున, ఆయన మళ్లీ గోనెసంచి పరిచాడు. నాకు ఆ రోజు డ్యూటీ వేసి టీకా గది తెరిచి ఉంచే ఏర్పాటు మేడమ్ చేసింది. ఎనిమిది దాటాక వెళ్లి తెరవాలి. అప్పటిదాకా కొట్టం దగ్గరే ఉన్నాను. దారాలు నేనే కత్తిరించి ఇచ్చాను.

వచ్చినవాళ్లను బాపు ముందు నల్లా దగ్గరికి పంపించాడు. పావుగంట సబ్బుతో కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదున్నా పోయేదాకా కడగాలి. తర్వాతే బెల్లం, దారం. పథ్యం చెప్పేటప్పుడు ఆయన గొంతు పాతదే.

"నాలుగు సూదులు. ఇయ్యాల ఒకటి, మూడో దినం, ఏడో దినం, ఇరవై ఎనిమిదో దినం. దినం తప్పొద్దు. గాయం లోతుగున్నోళ్లకు డాక్టరమ్మ ఇంకొకటి రాస్తది, గది గూడ పథ్యమే. నాలుగోది అయినంక ఈ దారం నా బిడ్డ ఇప్పుతది. వేరేటోళ్లు ఇప్పొద్దు. పథ్యం తప్పితే నా మంత్రం పని చెయ్యది."

"వంకాయ తినొచ్చునా?" అని అడిగాడు ఒకతను.

"తిను. నాకేం."

మొదటి గంటలో పదకొండుమంది వచ్చారు. దారం కట్టించుకున్నవాళ్లు కట్టించుకున్నట్టే మా ఆరోగ్య కేంద్రం దారి అడిగి వెళ్తున్నారు. నందు ఆటో స్టాండు దాకా ఒక తల్లినీ బిడ్డనూ దించి వచ్చాడు. నాకు మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఇద్దరం కలిసి ఏదో పెద్ద చిక్కు విప్పేశాం అనుకున్నాను.

వరుసను నిలబెట్టే పని నాగమణమ్మ తనకు తానే తీసుకుంది. ఒక కుర్రాడు సూది అనేసరికి మొహం చిట్లించి, పనికి సెలవు దొరకదు, నాలుగుసార్లు తిరగలేనన్నాడు. నాగమణమ్మ వాడి భుజం మీద తట్టింది.

"అమరనాథ్ సేటు ముచ్చట తెల్వదా నీకు? పథ్యం తప్పిండు. పెండ్లాం వంకాయ వండి పెట్టింది. నాలుగు దినాలల్ల పాణం పోయింది. ఆమె జర నోరు కట్టుకొని ఉంటే ఇయ్యాల గిర్ని నడుస్తుండె."

కుర్రాడి మొహం పాలిపోయింది. వెళ్తానన్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరూ ఒకరినొకరు చూసుకుని తలలు ఊపారు. ఆ మాట పనికొచ్చిందని నాకు అనిపించింది. నిజం చెప్పాలంటే, నాకు మంచిగానే అనిపించింది.

బాపు చేతిలో దారం ఆగింది. ఆయన ముందు కూర్చున్నది ఆరేళ్ల ఆడపిల్ల. ముడి పూర్తి చేశాడు. కొస నేను కత్తిరించాను. ఆయన మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"సోనీ, చెప్పులేసుకో. ఒక ఇంటికి పోయి రావాలె."

గిర్ని షట్టరు మీద దుమ్ము పేరుకుని ఉంది. మెట్లెక్కి వెళ్తే స్రవ్య తలుపు తీసింది. ముందు గదిలో కాగితాల్లో చుట్టిన ఇడ్లీ పొట్లాలు రెండు, హోటలు చట్నీ సంచీ. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. విమలాదేవి బాపును చూడగానే లేచి నిలబడి కొంగు భుజం నిండా కప్పుకుంది. సగం మనిషి అయిపోయింది. బాపు కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు.

ఆయన నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"అన్నా, నేనే వద్దామనుకున్న. మొఖం చెల్లలేదు. నీ పథ్యం నేనే చెడగొట్టిన. మరిచిపోయి గుత్తొంకాయ చేసిన. ఆయన వద్దన్నడు. గింత తింటె ఏం కాదు, అంత కష్టపడి చేసిన అని నేనే వడ్డిచ్చిన. నా చేతితోటి."

"అమ్మ అప్పటికెళ్లి పొయ్యి ముట్టిస్తలేదు," అంది స్రవ్య గోడ వైపు చూస్తూ. "రెండు నెలలాయె. అన్నీ బయటికెళ్లే తెస్తున్న."

బాపు రెండు చేతులూ నేల మీద ఆన్చాడు. "చెల్లే, వంకాయ వల్ల కాదు."

"నువ్వు నా మనసు కోసం చెప్తున్నవు."

"కాదు. నలభై ఒక్క దినాలు ఉత్త గంజి తాగి ఉన్నా సేటు పోయేటోడే. నా దారంతోటి ఆగే రోగం కాదది. ఆ దినం నేను దవాఖానకు పంపాలె. నా తానకు వచ్చిండు గద, ఇగ ఏం కాదు అనుకున్న. పంపలే."

ఆమె ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తప్పు తనదైతే కనీసం దానికొక కారణం ఉంది. ఆ కారణాన్ని కూడా మేము లాక్కుంటున్నామన్నట్టు చూసింది. బాపు నావైపు తిరిగాడు. సాయం అడిగే చూపు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఆయన నన్ను అలా చూడలేదు.

"ఆంటీ, కుక్క నోట్ల ఉన్న విషం నరాల పొంటి మెల్లగ తలకు పోతది," అన్నాను. "కడుపుల ఏమున్నది అని అది చూడదు. దానికి కూరతోటి పని లేదు. ఆ దినం నేను గూడ కొట్టం కాడనే ఉన్న. గాయం చూసిన. లోతుగున్నదని తెలుసు. ఒక్కసారి రాండ్రి అన్న, గంతే. మంగళవారం గిర్ని ముందలికెళ్లి పోయిన, సేటు చెయ్యి ఊపిండు. లోపలికి వచ్చి గుంజుకపోవాలె నేను. బాపుతోటి మళ్ల లొల్లి ఎందుకని ఊకున్న."

ఆమె నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది.

"సూది ఏస్తే బతికెటోడా?"

నేను బాపు కోసం ఆగాను. ఆయన జవాబు ఆయన చెప్పాడు. "బతికెటోడు."

వీధిలో ఎవరో పాత సామాన్లు కొంటామని అరుస్తూ వెళ్లారు. విమలాదేవి ఒకసారి బాపును, ఒకసారి నన్ను చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, తెలుసుకోవడానికి అడుగుతున్నట్టే అడిగింది.

"మీరిద్దరు ఉండేది ఒక్క ఇంట్లనే గద?"

మేము తలలు దించుకున్నాం. ఆమె లేచి వంటింటి వైపు నడిచింది. తలుపు తోసింది. లోపల గిన్నెలు జరిపిన చప్పుడు, తర్వాత డబ్బా మూత. నల్లా నీళ్లు కాసేపు వదిలేసినట్టు పారాయి. లైటర్ నాలుగైదుసార్లు నొక్కితే గానీ వెలగలేదు. స్రవ్య గోడను వదిలి అటు తిరిగింది.

"స్రవ్యా," అని పిలిచింది లోపలినుంచి. "ఇద్దరికి బియ్యం ఎన్ని పొయ్యాలె బిడ్డా? నాకు మూడు గిలాసలే అలవాటు."

ఆ పిల్ల పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లింది. మమ్మల్ని ఉండమనీ వెళ్లమనీ ఎవరూ అనలేదు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాం. గల్లీలో బాపు నా కంటే నెమ్మదిగా నడిచాడు. నేను ఆగి ఆయనతో కలిశాను.

కొట్టం ముందు ఇంకా ఆరుగురు ఉన్నారు. నాగమణమ్మ కొత్తగా వచ్చినవాళ్లకు సేటు కథ మళ్లీ చెబుతోంది. బాపు గోనెసంచి మీద కూర్చోకుండా, నిలబడే ఆమెను ఆపాడు.

"నాగమణమ్మా, ఆ మాట ఇగ చెప్పకు. సేటు పథ్యం తప్పలే. నేను పెట్టిన పథ్యమే తప్పు."

వరుసలో ఒకతను వెళ్లిపోదామా అన్నట్టు వెనక్కి చూశాడు. బాపు అతన్నే ముందుకు పిలిచి, చెయ్యి తిప్పి గాయం చూసి, నల్లా వైపు పంపించాడు.

ఎనిమిది దాటింది. నేను టీకా గది తాళం తీసుకుని బయల్దేరాను.